పాస్‌పోర్టు ఎవరి చేతిలో ఉంది

ఉయ్యూరు,
4 ఫిబ్రవరి 2024.

చి. సింధూరికి,
అత్తయ్య పద్మావతమ్మ ఆశీర్వదించి రాసేది.

భాష రాని దేశంలో, నడిరోడ్డు మీద, నిన్ను ఒంటరిగా దించేసి పోయారనుకో. ఆ క్షణాన నీ చేతిలో ఏముంటుంది? ముందు దీనికి జవాబు చెప్పు. ఆ తర్వాత సూట్‌కేసు సర్దుకుందువుగాని.

మొన్న ఆదివారం ప్రసంగంలో కూడా ఇదే అడిగాను. ముందు వరసలో ఒకాయన "సెల్‌ఫోనుంటుందండీ" అన్నాడు. ఛార్జింగు అయిపోతే ఏం చేస్తావయ్యా అన్నాను. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

పాండవులు వారణావతం బయల్దేరారు. అదీ పరాయి ఊరే. మంచి ఇల్లు కట్టించాం, హాయిగా ఉండి రండి అనే కదా వాళ్లనీ పంపించింది. అందరూ దీవెనలు ఇచ్చారు. విదురుడు ఒక్కడే పనికొచ్చే మాట చెప్పాడు. అడవి మొత్తం తగలబడినా కన్నంలో దూరిన ఎలుకను మంట ఏమీ చెయ్యలేదన్నాడు. నక్షత్రాలు చూసి దిక్కులు తెలుసుకోమన్నాడు. నేను ఏడో తరగతితో బడి మానేసినదాన్ని. భారతం నాకు ఎవరూ పాఠం చెప్పలేదు, చెరకుతోట గట్టున కూర్చుని కూడబలుక్కుని చదువుకున్నాను. ఆ చదువుతో చెబుతున్నాను, విను.

డాలర్లు కొత్తవే అడిగి తీసుకో. చిరుగున్నా, గీత పడినా కంబోడియాలో షాపువాళ్లు తీసుకోరట. అన్నీ ఒకచోట పెట్టకు. మన కాశీ యాత్రలో ఆడవాళ్లందరికీ కుట్టించినట్టే నీకూ లోపలి జేబు కుట్టి పంపుతున్నాను, సగం అందులో ఉండాలి. స్నానానికి వెళ్లినా విప్పి గోడకు తగిలించకు. ఆటో ఎక్కేముందే ధర మాట్లాడుకో. సీసా మూత నీ ఎదుట తీస్తేనే నీళ్లు తాగు. మన ఎంబసీ నంబరు ఫోన్లో కాదు, కాగితం మీద రాసుకో. పాస్‌పోర్టు జిరాక్సు ఒకటి నాకు ఇచ్చి వెళ్లు, భారతం పుస్తకంలో పెట్టుకుంటాను.

అసలు పాస్‌పోర్టు, తిరుగు ఖర్చుల డబ్బు మాత్రం జయకృష్ణకు అప్పగించు. ఇరవై ఏళ్లుగా నేను బస్సులు వేసుకుని యాత్రలకు తీసుకెళ్తున్నాను. ఎక్కగానే అందరి ఆధార్ కార్డులూ, టికెట్లూ నా కాషాయ సంచిలో పడాల్సిందే. ఒక్కరిది కూడా ఇంతవరకూ పోలేదు. గుంపుకి ఒక పెద్ద, పెద్దకి ఒక సంచి. జయకృష్ణ పామర్రు కుర్రాడు, నా ప్రసంగం ఒక్కటీ మానడు. కంబోడియా కంపెనీలో మనవాళ్లకు కంప్యూటరు ఉద్యోగాలు ఇప్పిస్తున్నాడు. ప్రస్తుతానికి టూరిస్టు వీసా మీద తీసుకెళ్లి అక్కడ మార్పిస్తాడట. నాకు పాదనమస్కారం చేసి మరీ చెప్పాడు.

నాకు చెవులు ఇక పనిచెయ్యవు. ఎదురుగా ఉన్నవాళ్ల పెదాలు చూసి మాట పోల్చుకుంటాను గానీ, ఫోన్లో నువ్వు అరిచినా నాకు గాలి శబ్దమే. కాగితం మీద రాసి, ఫొటో తీసి వాట్సాప్‌లో పంపు. నేనూ అలాగే పంపుతాను.

ఇట్లు,
నీ అత్తయ్య.


విజయవాడ,
7 ఫిబ్రవరి 2024.

అత్తయ్యకు నమస్కారాలు.

నీ ప్రశ్నకు జవాబు: ఆ నడిరోడ్డు మీద నా చేతిలో నీ ఉత్తరం ఉంటుంది. దొంగలకు చదివి వినిపిస్తే వాళ్లే డబ్బిచ్చి పంపిస్తారు.

లోపలి జేబు అందింది. నలుగురు పట్టేంత కుట్టావు. దాంతో నడిస్తే కంగారూలా ఉన్నానని హాస్టల్లో నవ్వుతున్నారు. జిరాక్సు కొరియర్‌లో పంపాను.

ఒక్క మాట, కోప్పడకు. పాస్‌పోర్టు ఆఫీసులో కౌంటరు దగ్గర కూర్చునే ఆవిడ, ఇది ఎవరి చేతికీ ఇవ్వకమ్మా అంది. కాశీకి వెళ్తే ఆధార్ కార్డు పోయినా రైలెక్కి ఇంటికి రావచ్చు. ఇది అలా కాదేమో. నా దగ్గరే ఉంచుకోనా? నేను పనిచేసే మొబైల్ షాపు మూసేశాక ఈ ఉద్యోగం దొరకడమే గొప్ప, కాదనను. అమ్మ పోయినప్పటి నుంచీ నువ్వు చెప్పిందే చేశాను. ఇదొక్కటీ నాకు వదిలెయ్యవా.

నీ సింధు.


ఉయ్యూరు,
9 ఫిబ్రవరి 2024.

చి. సింధూరికి,

కౌంటరు దగ్గర కూర్చున్నావిడ నిన్ను పెంచిందా, నేను పెంచానా?

నమ్మకం లేనివాడికి ఈ లోకమూ లేదు, పరలోకమూ లేదు, సుఖమూ లేదని గీతలో స్వామే చెప్పాడు. పదిమందిలో ఒక్కదానివి నీది నువ్వు దాచుకుంటే మిగతావాళ్లకు ఏమనిపిస్తుంది? పెద్దను అనుమానించి బయల్దేరిన ప్రయాణం ప్రయాణమేనా? నిద్రలో నీ సంచి ఎవడైనా కోసుకుపోతే అప్పుడు ఎవరిని అడుగుతావు?

జయకృష్ణకు ఇస్తావని నేను మాట ఇచ్చేశాను. గన్నవరంలో విమానం ఎక్కకముందే అతని చేతిలో పెట్టు. పెట్టానని నాకు రాయి.

అత్తయ్య.


కంబోడియా,
24 ఫిబ్రవరి 2024.

అత్తయ్యకు,

క్షేమంగా చేరాను. పాస్‌పోర్టు జయకృష్ణ గారికి ఇచ్చాను. డబ్బు కూడా. ఆయన అందరివీ ఒక ఇనుప బీరువాలో పెట్టారు.

డయానా అనే అమ్మాయి మాత్రం ఇవ్వలేదు. ఇబ్రహీంపట్నం పిల్ల, వాళ్లమ్మ దానమ్మ గారు అక్కడ టిఫిన్ బండి పెడతారు. దేవుడే వచ్చి అడిగినా ఇవ్వొద్దని వాళ్లమ్మ ఒట్టు వేయించుకుందట. పోయిందని చెప్పి, కుర్తా లోపల కుట్టేసుకుంది. ఈ మాట నీకు మాత్రమే

(పై నాలుగు లైన్లు కొట్టేశాను అత్తయ్యా, తప్పు పడ్డాయి. డయానా పాస్‌పోర్టు నిజంగానే పోయింది.)

బిల్డింగు పెద్దది. కిందనే భోజనం, పైన పడక. బయటికి వెళ్లే పని లేదు. ఫోన్లు ఆఫీసులో పెట్టాలి. ఉత్తరం రాసి ఇస్తే జయకృష్ణ గారే చదివి, ఫొటో తీసి పంపిస్తారు. నీ ఉత్తరాలు కూడా ఆయన ఫోనుకే రావాలి. పని ఏమిటంటే ఫోన్లో మన దేశంవాళ్లతోనే మాట్లాడటం. తెలుగు బాగా వచ్చు కాబట్టి నన్ను తెలుగువాళ్ల వైపు వేశారు.

కిటికీలకు కమ్మీలున్నాయి. దొంగల భయం ఎక్కువట.

సింధు.


ఉయ్యూరు,
3 మార్చి 2024.

చి. సింధూరికి,

పాస్‌పోర్టు అప్పగించి మంచి పని చేశావు. మనసు కుదుటపడింది.

ఫోన్లు ఒకచోట పెట్టించడం, ఉత్తరాలు ఒకరి చేతి మీదుగా నడవడం, ఇది కదా క్రమశిక్షణ. నా బస్సులో కూడా ఫోన్లు పుచ్చుకుంటేనే భజన సాగేది. నువ్వు కొట్టేసిన లైన్లు చదవగలిగాను, ఆ డయానాకి మాత్రం దూరంగా ఉండు. నలుగురిలో కలవనివాళ్లు ఎక్కడికి పోయినా తమ మూట తాము కాపలా కాసుకుంటూ కూర్చుంటారు. అది భయం కాదు, స్వార్థం. వాళ్లమ్మ నేర్పిన బుద్ధి అలా ఉంది మరి.

జయకృష్ణ మన యాత్రల వాట్సాప్ గ్రూపులో చేర్చమన్నాడు. విదేశాలకు వెళ్లేవాళ్లకు జాగ్రత్తలు రాస్తాడట. సంతోషంగా చేర్చాను. రోజుకొకటి పెడుతున్నాడు, డాలర్ల గురించీ, ఎయిర్‌పోర్టు గురించీ. అందరూ దండాలు పెడుతున్నారు. ప్రసంగంలో నీ పేరు చెప్పాను. రెండో బ్యాచికి ఏడుగురు తేలారు, ఏప్రిల్ ఎనిమిదిన ప్రయాణం. అందులో మన అక్షయ కూడా ఉంది. నీ దగ్గరే ఉంటుంది కదా అని నా కూతుర్ని ధైర్యంగా పంపుతున్నాను. వాళ్ల పాస్‌పోర్టులన్నీ ఇప్పటికే నా సంచిలో ఉన్నాయి.

అత్తయ్య.


కంబోడియా,
14 మార్చి 2024.

అత్తయ్యకు,

నేను బాగున్నాను. పని బాగుంది. భోజనం బాగుంది.

అక్షయకి ఇక్కడి ఎండ పడదేమో. దానికి చిన్నప్పటి నుంచీ ముక్కులోంచి రక్తం కారుతుంది కదా. ఇంకో ఏడాది ఆగితే మంచిది.

జయకృష్ణ గారితో నువ్వు ఒకసారి మాట్లాడి, నా పాస్‌పోర్టు నాకు ఇప్పించగలవా? ఊరికే. దగ్గర ఉంటే బాగుంటుందని.

సింధు.


ఉయ్యూరు,
22 మార్చి 2024.

సింధూరీ,

నీ ఉత్తరం చదివి సిగ్గుపడ్డాను. అక్షయకు ముక్కులోంచి రక్తం ఎప్పుడు కారింది? నీకు కారేది, ఎత్తుకుని ఉయ్యూరు ఆసుపత్రికి పరిగెత్తింది నేను. సొంత మరదలు వస్తే నీ జీతానికి పోటీ అనుకుంటున్నావా? జయకృష్ణను అడిగాను. పాస్‌పోర్టు భద్రంగా ఉందనీ, నువ్వు డయానా మాటలు విని పనిలో మొండికేస్తున్నావనీ బాధపడ్డాడు. కర్మ చెయ్యి, ఫలం మీద కన్ను వెయ్యకు. నీకు ఇంతకంటే రాయను.

ఇక్కడ నా గుండె మండిపోతోంది. కూచిపూడి వెంకటకృష్ణారావు మాస్టారు పోయారు. యాత్రల్లో నా పక్క సీటు ఆయనదే, గుర్తుందిగా. ప్రసంగం మధ్యలో లేచి, "అమ్మా, కర్ణుడు చేసింది తప్పా ఒప్పా, ఒక్క మాటలో చెప్పండి" అని నన్ను ఏడిపించేవారు. ఎవరో పోలీసులమని వీడియోలో కనపడ్డారట. మీ పేరు మీద దొంగ పార్సిలు పట్టుబడింది, ఇల్లు కదిలితే అరెస్టు అన్నారట. మహానుభావుడు తలుపులు వేసుకుని, మంచినీళ్లకు కూడా లేవకుండా ఆ ఫోను ముందు కూర్చున్నాడు. పెన్షను డబ్బు, పొలం అమ్మిన డబ్బు, అంతా పంపేశాడు. ఆ తర్వాత అన్నం మానేశాడు. నేను వెళ్లి కూర్చుంటే ఒక్కటే మాట అన్నారు. "మొదట మాట్లాడింది ఆడపిల్లమ్మా. మన యాసే. మాస్టారూ అని పిలిచింది." నా ఎదుటే కళ్లు మూశారు.

ఆ ఆడది ఎవరో నాకు తెలియదు. తెలుగు తల్లి పాలు తాగి తెలుగు ముసలివాడి గొంతు కోసింది. దాని నోరు పడిపోవాలి. అది తిరిగి ఈ గడ్డ మీద కాలు పెట్టకూడదు. నిన్న ప్రసంగంలో మైకు ముందు, వందలమంది ఎదుట, భారతం మీద చెయ్యి వేసి శపించాను. జనం ఊగిపోయారు.

నువ్వైనా నీతిగా పని చేసుకో.

పద్మావతమ్మ.


కంబోడియా,
25 మార్చి 2024.

అత్తయ్యా,

ఇది జయకృష్ణ చదవని ఉత్తరం. డయానా తీసుకెళ్తోంది. దాన్ని రేపు పంటి నొప్పికి ఊళ్లో ఆసుపత్రికి తీసుకెళ్తారు. అక్కడి నుంచి అది పారిపోతుంది. నా మొదటి ఉత్తరం చదివి వాళ్లు దాని బట్టలు వెతికించారు గానీ, అది ముందే వేరేచోట దాచేసింది. ఇప్పుడు దాని పాస్‌పోర్టు దాని ఒంటి మీదే ఉంది. లోపలి జేబులో నువ్వు నాకు పెట్టమన్న డాలర్లు మిగిలాయి, అవి దానికే ఇచ్చేశాను. నువ్వు చెప్పినట్టు కొత్తవే. ఆటోకీ, ఎంబసీ దాకా చేరడానికీ చాలు.

నన్నూ రమ్మంది. గేటు దాటినా దారిలో పోలీసులు అడిగితే చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. కాగితం లేనివాళ్లను మళ్లీ కంపెనీకే అప్పగిస్తారని ఇక్కడ అందరికీ భయం. గుంటూరు అబ్బాయి ఒకడు అలా వెనక్కి వచ్చాడు. ఆ తర్వాత వాణ్ని ఏం చేశారో రాయను.

నీ ఉత్తరం జయకృష్ణ నా ముందు నిలబడి గట్టిగా చదివాడు. శాపం దగ్గరికి వచ్చేసరికి నవ్వుతూ రెండుసార్లు చదివాడు.

ఆ గొంతు నాదే అత్తయ్యా.

మా పని ఇదే. ఎదురుగా కాగితం పెడతారు, అది చూసి మాట్లాడాలి. మొదట భయపెట్టేది మేము, తర్వాత పోలీసు బట్టలు వేసుకున్నవాడు తీసుకుంటాడు. నంబర్లు వాళ్లే ఇస్తారు. ఆ రోజు వచ్చినవన్నీ నీ యాత్రల గ్రూపువి. ముందు నాకు తెలియదు. "హలో, ఎవరమ్మా" అన్న గొంతు వినగానే తెలిసింది. "మాస్టారూ" అన్నాను. "మాస్టారూ, ఫోను పెట్టేయండి, ఇది మోసం" అందామనుకున్నాను. మాస్టారూ అన్న మాట దగ్గరే నా చెవి మీద ఒకటి పడింది. ఫోను లాక్కున్నారు. మిగతాది వాళ్లు మాట్లాడారు. నన్ను మూడో అంతస్తులో చీకటి గదిలో పెట్టారు. నా ఎడమ చెవి కూడా నీ చెవిలాగే అయింది.

నోరు పడిపోవాలన్నావు. దానికి నేను ఏడవలేదు. తిరిగి ఆ గడ్డ మీద కాలు పెట్టకూడదన్నావే, అప్పుడు ఏడ్చాను.

ముక్కులోంచి రక్తం కారేది నాకేనని నాకు తెలుసు. నువ్వు అనుమానపడతావని రాశాను. నాకు తిట్లే వచ్చాయి.

అక్షయను పంపకు. నా గురించి తర్వాత ఆలోచించు. నీ సంచిలో ఉన్న పాస్‌పోర్టులు ఎవరివి వాళ్లకు ఇచ్చెయ్యి.

సింధు.


ఉయ్యూరు,
7 ఏప్రిల్ 2024.

చి. సింధూరికి,
పద్మావతమ్మ రాసేది.

నీ ఉత్తరం ఈ ఉదయం నా చేతికి వచ్చింది. దానమ్మ, డయానా ఇద్దరూ ఇబ్రహీంపట్నం నుంచి బస్సులో తెచ్చారు. ఆ పిల్ల ఎంబసీలో అన్ని రోజులు దేశం దాటే అనుమతి కాగితాల కోసం కూర్చుని నిన్ననే దిగింది. ఫొటో తీసి ఎవరికీ పంపొద్దు, ఆవిడ చేతిలోనే పెట్టమన్నావట. దానమ్మ గుమ్మం అవతలే నిలబడింది. నేను ఆమె గురించి ఏం రాశానో డయానా చెప్పే ఉంటుంది. లోపలికి రమ్మని చెయ్యి పట్టుకుంటే, "ముందు మీ అమ్మాయి సంగతి చూడండమ్మా" అంది.

ఇరవై ఏళ్లుగా విదురుడి కథ చెబుతున్నాను. సగమే చెబుతున్నానని ఈ రోజు తెలిసింది. విదురుడు సొరంగం తవ్వేవాణ్ని పంపాడు. ఆ సొరంగం సంగతి పురోచనుడికి చెప్పమన్నాడా? లక్క ఇల్లు కట్టినవాడి చేతికే బయటికి పోయే దారి అప్పగించమన్నాడా? నేను అప్పగించమన్నాను. నువ్వు కాదంటే నీ నోరు నొక్కడానికి గీత అడ్డం పెట్టాను.

శపించిన మాట వెనక్కి తీసుకునే అధికారం నాకు లేదు. అది నా మీదకే తిప్పుకుంటున్నాను. మధ్యాహ్నం మండపంలో మైకు ముందు నిలబడి ఆ మాటే చెప్పాను. మాస్టారిని చంపింది ఆడపిల్ల గొంతు కాదు, ఆయన నంబరు తీసుకెళ్లి దొంగల వాకిట్లో పెట్టిన నా చెయ్యి అని చెప్పాను. కొందరు లేచి వెళ్లిపోయారు. మాస్టారి కొడుకు మాత్రం కూర్చున్నాడు. తల ఎత్తలేదు, లేవనూ లేదు. సభలో ద్రౌపది అడిగినప్పుడు తల దించుకున్న పెద్దలను నేను ఎన్నిసార్లు తిట్టానో. ఆ వరసలో నేనూ ఉన్నాను.

సంచి బోర్లించాను. ఏడుగురి పాస్‌పోర్టులూ ఎవరిది వాళ్ల చేతిలో పెట్టాను. రేపు ఎవరూ విమానం ఎక్కడం లేదు. అక్షయ నా పక్కనే కూర్చుని ఇది చదువుతోంది. ఖాళీ సంచి ఫొటో గ్రూపులో పెట్టి, ఇక నా బస్సు ఎక్కేవాళ్లు ఎవరి కాగితం వాళ్లే ఉంచుకోవాలని రాశాను.

ఇక్కడి నుంచి ఈ ఉత్తరం నీకు కాదు తల్లీ.

జయకృష్ణా. నువ్వు చదువుతున్నావని తెలిసే నీ ఫోనుకు పంపుతున్నాను. మొదటి వరసలో కూర్చుని నా మాటలు విన్నావు కదా, ఇవీ విను.

మీ అమ్మగారు నా ఎదురుగా అరుగు మీద కూర్చుంది. పామర్రు నుంచి కబురు పెట్టి పిలిపించాను. అరవలేదు, తిట్టలేదు. సింధు రాసిన కాగితం చదివి వినిపించాను, అంతే. అప్పటి నుంచి ఆవిడ మంచినీళ్లు కూడా ముట్టలేదు. నీకు ఫోన్ చెయ్యమంటే, "వాడు పెద్దవాళ్లను ఎలా భయపెడతాడో ఇప్పుడే విన్నానుగా, నాతో ఏ గొంతుతో మాట్లాడతాడో" అంది.

పోలీసు స్టేషన్లో కాగితం పెట్టాం. డయానా అన్నీ చెప్పింది. బిల్డింగు ఆనవాళ్లు, గేటు మీద నంబరు, మూడో అంతస్తు గది, నీ పేరు, నీ ఊరు. ఆ ఫిర్యాదు ఎంబసీకి కూడా వెళ్లింది. నా భారతంలో పెట్టుకున్న సింధు పాస్‌పోర్టు జిరాక్సు ఉంది చూడు, అది దాంతోపాటే వెళ్లింది. నీ బీరువాలో ఉన్న పుస్తకం లేకపోయినా, బయటపడితే నా పిల్ల ఇంటికి రావడానికి వాళ్లు వేరే కాగితం ఇస్తారట. కాబట్టి ఆ పాస్‌పోర్టుతో దాన్ని బంధించానని అనుకోకు. ఇప్పుడు అది నిన్ను బంధిస్తోంది. దాని ఒంటి మీద ఇంకొక్క దెబ్బ పడితే ఎవరిని అడగాలో రెండు దేశాల్లో రాసి ఉంది.

నీ పైవాళ్లు నిన్నూ కొడతారేమో. నీ పాస్‌పోర్టు కూడా వాళ్ల బీరువాలోనే ఉందేమో. డయానా అలాగే అంది. ఉంటే ఉండనీ. పురోచనుడు కూడా ఆ ఇంట్లోనే పడుకున్నాడు. మంట వచ్చినప్పుడు కట్టినవాణ్ని వదల్లేదు. నీకు నా దగ్గర శాపం లేదు, అవి అయిపోయాయి. నేను అడిగేది ఒక్కటే.

రేపు అనకు. పైవాణ్ని అడిగి చెబుతానని అనకు. ఈ ఉత్తరం సింధు ముందు నిలబడి గట్టిగా చదువు, దానికి కుడిచెవి వినపడుతుంది, ఆ వైపు నిలబడు. చదవడం అవగానే బీరువా తాళం తీయి. దాని పాస్‌పోర్టు దాని చేతిలో పెట్టు. గేటు దాకా పక్కనే నడిచి, ఆటో మాట్లాడి ఎక్కించు. ధైర్యం ఉంటే నువ్వూ ఎక్కు.

మీ అమ్మ అరుగు మీద నుంచి లేవడం లేదు. చీకటి పడేలోపు కబురు కావాలి.

లే జయకృష్ణా. ఇప్పుడే లే.

పద్మావతమ్మ.